తలుపు తలుపుకీ ఒక పేరు

ఆయన పేరు ఇక్కడ రాయను. పోయినవాడి మీద గౌరవం కొద్దీ దాచానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, నాకు లాభమే. అసలు సంగతి అది కాదు. నాకు ఆయనంటే కుళ్ళు. ఆయన బతికున్నంత కాలం ఉంది, పోయాక కూడా తగ్గలేదు. కిందటి వానాకాలంలో ఆయన్ని సముద్రపు గట్టు పక్కన మట్టిలో పెట్టి ఇంటికి వస్తే, నా భార్య గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. వాళ్ళ నాన్న పోయాడని ఇండియా నుంచి ఉత్తరం వచ్చిన రోజున కూడా అంతసేపు ఏడవలేదు. కాళ్ళు కడుక్కుంటూ నేను ఆలోచించింది ఆ తేడా గురించే. ఒక మనిషిని పూడ్చి వచ్చి ఇలాంటివి ఆలోచించేవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

మాది మలయాలో కువాలా సెలంగోర్ దగ్గర కొబ్బరి తోట. కూలీలందరూ విశాఖపట్నం, చికాకోలు వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు. నేను తోట బడిలో తెలుగు పంతుల్ని. ఆయన కాలువలు తవ్వే కూలీ. నాకు ఇస్త్రీ చొక్కా, చెప్పులు, కళ్ళజోడు ఉండేవి. ఆయనకు ఒక ఉన్ని కోటు ఉండేది. మలయా ఎండలో ఉన్ని కోటు! ఏడాదంతా దాన్ని వేపాకుల మధ్య మడతపెట్టి ఉంచి, ఒక్క రోజు మాత్రం తొడుక్కునేవాడు. ఆ రోజు గురించే చెప్పబోతున్నాను.

జర్మనీ యుద్ధకాలంలో ఆయన సొంతూరు చూడ్డానికి వెళ్ళి, అక్కణ్ణుంచే సైన్యానికి సామాను మోసే కూలీల దళంలో చేరి ఫ్రాన్సు దాకా పోయాడు. యుద్ధం ముగిశాక కూడా కొన్నాళ్ళు అక్కడే ఉంచి పొలాలు బాగుచేయించారట. తరవాత మళ్ళీ ఓడెక్కి మా తోటకే వచ్చాడు. అక్కణ్ణుంచి తెచ్చుకున్నవి కోటు, ఒక దగ్గు, కొన్ని అలవాట్లు.

ఆ అలవాట్లు చూసి తోటంతా నవ్వేది. పార పెట్టే ముందు నేలను కర్రతో మూడు చోట్ల తట్టేవాడు. ఫ్రాన్సు పొలాల్లో పేలని గుండ్లు ఉండేవట. "ఇక్కడ కొబ్బరికాయలు తప్ప గుండ్లు లేవు మావా, తవ్వు లా!" అని కుర్రకారు మలయా యాసలో ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వి, మళ్ళీ తట్టేవాడు. ఇంకొకటి రొట్టె. సైకిలు మీద వచ్చే చీనావాడి దగ్గర మేము రొట్టె కొంటే, అది బల్ల మీద బోర్లా పడి ఉంటే ఆయన చూడలేడు. ఎవరి ఇల్లయినా సరే, లేచి వెళ్ళి దాన్ని తిప్పి పెట్టి వచ్చి కూర్చునేవాడు. ఫ్రాన్సులో ఆయన ఉన్న ఊళ్ళో రొట్టె బోర్లా పెడితే ఇంటికి కీడట. నా భార్య ఆ తరవాత ఎప్పుడూ రొట్టె బోర్లా పెట్టలేదు. నేను పెళ్ళయిన నాటి నుంచి తడి చేతులతో పుస్తకాలు ముట్టుకోవద్దని మొత్తుకుంటున్నాను. అది మాత్రం ఈ రోజుకీ చెవికెక్కలేదు.

ఆవిడ ఆయన్ని "అన్నా" అనేది. ఆయన "సెల్లీ" అనేవాడు. ఆ లెక్కన నేను ఆయన్ని "బావా" అనాలి. అనలేదు. "ఏమోయ్" అని కూడా అనలేదు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఏ పిలుపూ లేకుండానే పదేళ్ళు మాట్లాడాను. అదొక విద్య.

సాయంత్రం పని దిగాక మా అరుగు మీద కూర్చుని ఆయన ఫ్రాన్సు సంగతులు చెప్పేవాడు. నా భార్య పుట్టింటి ఇత్తడి గ్లాసు తీసి అందులో కాఫీ ఇచ్చేది. నాకు రేకు గ్లాసు. నేను పిల్లల పలకలు దిద్దుతూ విననట్టు వినేవాణ్ణి. ఒక రోజు ఆ ఊరివాళ్ళు యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకున్న వైనం చెప్పాడు.

"సర్చి గంట కొట్టినారు సెల్లీ. ఊరి పెద్ద నడుముకి మూడు రంగుల గుడ్డ కట్టుకొని వొచ్చినాడు. అందరూ నల్లబట్టలే. ముసిలోళ్ళు, ఆడోళ్ళు, పిల్లలు. పడుసోళ్ళు కనబడితే ఒట్టు. పేర్లు సెక్కే రాయింకా రానేదు, సెక్క పలక మీద రాసినారు. బడి పంతులు ఒక్కో పేరూ పిలస్తాడు. పిలవగానే ఊరంతా ఒకటే మాట అంటాది. పేరు మారతాది గానీ మాట మారదు."

"ఏటా మాట?" అంది నా భార్య.

"ఆల బాస నాకేటి తెలుస్తాది? మాకు రొట్టెలమ్మే ముసలావిడ సైగసేసి సెప్పినాది. దేశం కోసం పోనాడు అని. ఆవిడింటోళ్ళయి మూడు పేర్లున్నాయి. మూడింటికీ ఆవిడే ముందల పలికినాది."

"ఏడిసిందా అన్నా?"

"నేదు. పలికినాది, అంతే." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మాలో ఇద్దరు గుండు పేలి పోనారు, పొలం సదును సేస్తంటే. ఊరోళ్ళ పేర్లన్నీ అయినాక ఆ పంతులు మా కాడికి వొచ్చి, ఆళ్ళ పేర్లేటని అడిగినాడు. సెప్పినాను. పాపం నోరు తిరగనేదు. తిరక్కపోయినా పిలిసినాడు. ఊరంతా పలికినాది."

తరవాత నా వైపు తిరిగాడు. "పంతులు బాబూ, మన తోటలో కూడా అలగ పిలాల. దొర ఉన్నోళ్ళని రోజూ పిలిపిస్తాడు. పోనోళ్ళని మనవే గదా పిలాల. అక్కడ పంతులే పిలిసినాడు. ఇక్కడ నువ్వు పిలువు."

మా తోట ఒకప్పుడు చిత్తడి అడవి. దాన్ని నరికి, కాలువలు తవ్వి, కొబ్బరి పెట్టేసరికి జ్వరాలతో పోయినవాళ్ళు ఎందరో. గట్టు పక్కన మట్టి దిబ్బలు తప్ప వాళ్ళకు ఏ గుర్తూ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నేను ఏమన్నానో వినండి. "వాళ్ళు దేశం కోసం ప్రాణాలిచ్చిన సైనికులు. మనవాళ్ళు జ్వరం వచ్చి పోయారు. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నాను. బడిలో పిల్లల తప్పు దిద్దే గొంతుతోనే అన్నాను. ఆయన కాఫీ పూర్తిచేసి వెళ్ళిపోయాడు. నా భార్య ఆ గ్లాసు కడిగి లోపలికి వెళ్ళిపోయింది.

మాకు ఒక ఆడపిల్ల పుట్టి ఇరవై రోజులకే జ్వరంతో పోయింది. మర్నాడే నామకరణం చేయాలని పెట్టుకుని ఉన్నాం. పంచాంగం చూసి నేను 'సులోచన' అని ఖాయం చేసి ఉంచాను. పాప పోయాక ఇంట్లో ఆ ఊసు ఎత్తొద్దని కూడా నేనే ఖాయం చేశాను. ఆవిడకు మనసు కష్టం కలగకూడదని అనుకున్నాను. అలాగే రెండేళ్ళు గడిపేశాం.

నవంబరు పదకొండున మా దొర ఆఫీసు ముందున్న మైదానంలో, మేము పడాంగ్ అంటాం, అందరినీ నిలబెట్టేవాడు. యుద్ధం ఆగిన రోజు అది. దొర తమ్ముడొకడు ఆ యుద్ధంలోనే పోయాడట. పదకొండు కొట్టగానే రెండు నిమిషాల మౌనం. తరవాత దొర టోపీ పెట్టుకుని కారెక్కి పట్నం వెళ్ళిపోయేవాడు. నేను పిలవనన్న యేడు కారు కదిలిందో లేదో, ఉన్ని కోటు తొడుక్కుని ఆయన ముందుకొచ్చాడు. చెమటతో ముఖం మెరిసిపోతోంది. చేతిలో కాగితం లేదు, ఉన్నా చదవలేడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని మొదలుపెట్టాడు.

"మొదటి లైను. మొదటి తలుపు. బోదకాలు అప్పలసామి."

కూలీల ఇళ్ళు మా దగ్గర వరసగా కట్టి ఉంటాయి. ఒక్కో వరసను లైను అంటారు. లైనులో ఒక్కో తలుపు వెనక ఒక్కో కుటుంబం. ఆయన ఆ తలుపుల వెంబడే నడుస్తున్నట్టుగా, ఏ తలుపు వెనక ఎవరు పోయారో పిలుస్తున్నాడు. ముందు రోజు సాయంత్రం ప్రతి తలుపు దగ్గరా ఆగి ఆడవాళ్ళను అడిగి వచ్చాడని తరవాత తెలిసింది. పలకవలసిన మాట కూడా అప్పుడే చెప్పి వచ్చాడు. దేశం కోసం అనడానికి మాకు వీల్లేదు గదా. ఆయన ఎంచుకున్నది వేరే మాట.

"మాతో వొచ్చినాడు," అంది ఒక ముసలమ్మ. ఆవిడ వెనకే నలుగురు. తరవాత అందరూ.

"మొదటి లైను. మూడో తలుపు. పైడితల్లి, ఆళ్ళ కొడుకు సన్నాసి."

"మాతో వొచ్చినారు."

లైన్లన్నీ అయ్యాయి. ఇంక ముగిసిందనుకున్నాను. ఆయన మా వైపు తిరిగాడు.

"బడి పక్క ఇల్లు. పంతులు బాబు కూతురు. నూకాలు."

నూకాలు ఎవరని అనుకున్నానంటే నమ్ముతారా? పక్కకు తిరిగి నా భార్య ముఖం చూశాక గానీ అర్థం కాలేదు. నూకాలు ఆవిడ అమ్మమ్మ పేరు. పాప బతికిన ఇరవై రోజులూ ఆవిడ మనసులో ఆ పేరుతోనే పిలుచుకుంది. నా 'సులోచన' ముందు ఆ పల్లెటూరి పేరు బయటపెట్టడానికి భయపడింది. ముందు రోజు సాయంత్రం ఆయన మా తలుపు దగ్గర ఆగి, "పేరెట్టనేదంటే ఎలగ సెల్లీ, నువ్వు మనసులో ఏటని పిలిసేదానివి?" అని అడిగాడు. ఆయన అడిగాడు, ఆవిడ చెప్పింది. రెండేళ్ళలో నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. నా బిడ్డ పేరు నాకు తోటంతటి ముందు, ఒక కాలువ కూలీ నోటి నుంచి తెలిసింది.

"మాతో వొచ్చినాది," అన్నారంతా. పాప ఏ ఓడా ఎక్కలేదు, ఇక్కడే పుట్టింది. ఆ తేడా ఎవరికీ పట్టలేదు. నా భార్య పాప పోయిన రోజు ఏడవనిది, ఆ పడాంగులో పక్కింటి ఆవిడ భుజం మీద పడి ఏడ్చింది. నా భుజం ఇటు పక్కనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. దుఃఖం తరవాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం మంటే.

ఆ మంట మీదే తరవాతి యేడు ఒక ఘనకార్యం చేశాను. ఆఫీసులో గుమాస్తాను బతిమాలి, తోట చావుల రిజిస్టరు తీయించి, పేర్లన్నీ తెలుగులో రాసుకున్నాను. గుండ్రటి అక్షరాలు, ఎర్ర గీతలు. అకారం నుంచి హకారం దాకా అక్షర క్రమంలో పేర్చాను. చదువుకున్నవాడు చేస్తే ఎలా ఉంటుందో చూద్దురుగాని అనుకున్నాను. "ఈసారి నేను పిలుస్తాను," అని ఆయనతో చెప్పాను. మండిపడతాడనుకున్నాను. "అదే గదా పంతులు బాబూ నాను ముందల్నించీ అడిగినాను," అని సంబరపడిపోయాడు. దాంతో నాకు సగం సరదా పోయింది.

దొర కారు వెళ్ళగానే కళ్ళజోడు సవరించుకుని మొదలుపెట్టాను. "అప్పలస్వామి."

ఒకేసారి ముగ్గురు ఆడవాళ్ళు "మాతో" అని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆగిపోయారు. ఎవరి అప్పలస్వామి? నేను పట్టించుకోకుండా తరవాతి పేరు చదివాను. అదీ అప్పలస్వామే. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా తోటలో లేదు. నా జాబితాలో అప్పలస్వాములు వరసగా ఏడుగురు. నాలుగో అప్పలస్వామి దగ్గర, వెనక వరసలోంచి గట్టిగా వినబడింది.

"ఉన్నాను దొరా!"

బతికున్న అప్పలసామి! రోజూ పొద్దున్న పనికి పిలిచే హాజరు పిలుపులాగే ఉండేసరికి, అలవాటు కొద్దీ చెయ్యెత్తి పలికాడు. పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వాపుకోలేక తలలు వంచుకున్నారు. ఒక విధవరాలు మాత్రం నవ్వకుండా నా చేతిలో కాగితం వైపు చూస్తోంది. ఆవిడ మొగుడు ఆ ఏడుగురిలో ఎన్నోవాడో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నన్ను నెట్టలేదు, కాగితం లాక్కోలేదు. నెమ్మదిగా అందించడం మొదలుపెట్టాడు. నేను "అప్పలస్వామి" అంటే ఆయన "రెండో లైను, అయిదో తలుపు, ఈల వేసేవోడు" అనేవాడు. ఆ విధవరాలు అప్పుడు పలికింది. అలా ఒక్కొక్కరినీ ఆయన నా కాగితంలోంచి లాగి వాళ్ళ గుమ్మాల్లో నిలబెడుతుంటే, నేను పేర్లు చదువుతూ పోయాను. చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. నకారం వచ్చింది. నరసమ్మ. నాగులు. నీలయ్య. తరవాత పకారం.

నా భార్య వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచింది. అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై రోజుల పాపకు రిజిస్టరులో పేరు లేదు. నా గుండ్రటి అక్షరాల జాబితాలో నా కూతురే లేదు. ఆయన నా వైపు చూశాడు. నేను తరవాతి పేరు చదివాను. ఆయన కూడా ఆ పేరు పిలవలేదు.

సాయంత్రం ఆయన్నే నిలదీశాను. "అందరివీ అందించావు గదా, మా పాపది ఎందుకు అందించలేదు?"

"అది నీ పిలుపు బాబూ. పోనేడు నీకు తెలీదని నాను పిలిసినాను. ఇప్పుడు తెలుసు గదా?"

కోపం రాకపోతే ఎలా చెప్పండి. తప్పు నాది, మంచితనం ఆయనది. ఆ రెండూ ఒకే అరుగు మీద కూర్చుంటే భరించడం కష్టం.

మరుసటి యేడు నుంచి మళ్ళీ ఆయనే. లైన్లన్నీ అయ్యాక "బడి పక్క ఇల్లు," అని ఆగేవాడు. ఆ ఎండలో, ఆ కోటులో, నా వైపు చూస్తూ నిలబడేవాడు. అందరూ చూసేవారు. నేను చెప్పులవైపు చూసుకునేవాణ్ణి. ఆ పేరు నా నోట వస్తే ఆయన గెలిచినట్టేనని నాకొక పిచ్చి లెక్క. కాసేపు చూసి ఆయనే "నూకాలు" అనేవాడు. నా భార్య పలికేది. ఇంటికి వచ్చాక ఆవిడా నేనూ కూరల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఎన్నో నవంబర్లు ఇలాగే వెళ్ళిపోయాయి.

దగ్గు ముదిరి మంచం పట్టాక ఆయన నాకు కబురు పెట్టాడు. నాలుగో లైను, చివరి తలుపు. కోటు తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

"కూకో పంతులు బాబూ. అప్పసెప్పు," అన్నాడు.

"ఏం అప్పచెప్పాలి?"

"తలుపులు."

పంతుల్ని కూర్చోబెట్టి పాఠం అప్పచెప్పించుకోవడం! కానీ కూర్చున్నాను. మొదలుపెట్టాను. ఆశ్చర్యం ఏమిటంటే నాకు అన్నీ వచ్చు. ఏళ్ళ తరబడి కుళ్ళుకుంటూ విన్నాను గదా, ఒక్కటీ మరిచిపోలేదు. ఎక్కడో ఒక తలుపు దాటేస్తే వేలు ఎత్తేవాడు. నాలుగు లైన్లూ అయిపోయాయి.

"బడి పక్క ఇల్లు," అన్నాను. ఆగాను.

ఆయన ఎదురుచూశాడు. బయట ఎవరో కొబ్బరి వలుస్తున్న చప్పుడు. నేను లేచి, "మళ్ళీ వస్తాను," అని వచ్చేశాను. వెనకనుంచి దగ్గు వినబడింది. నాలుగు రోజులకు పోయాడు.

మొన్న నవంబరు పదకొండున దొర కారు వెళ్ళిపోయింది. ఎవరూ కదల్లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. కాగితం తేలేదు. కోటు నాకు పట్టదు, పట్టినా వేసుకునేవాణ్ణి కాదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. కళ్ళజోడు లేకపోతే దూరంగా ఉన్న ముఖాలు సరిగ్గా ఆనవు, అదీ ఒకందుకు మంచిదే అయింది. మొదటి లైను మొదటి తలుపు నుంచి పిలుచుకుంటూ పోయాను. ఒక చోట తడబడితే ఈల వేసేవాడి పెళ్ళామే అందించింది.

నాలుగో లైను చివరి తలుపు దగ్గరికి వచ్చేశాను. ఆ తలుపు వెనక ఎవరున్నారో మీకు తెలుసు. దాన్ని దాటేసి, "బడి పక్క ఇల్లు," అన్నాను. ఈసారి ఆగితే నా బదులు పిలిచేవాళ్ళు లేరు.

"నూకాలు," అన్నాను. "నా కూతురు."

నా భార్య వెంటనే పలకలేదు. ఇటు తిరిగి నన్ను చూసింది. కళ్ళజోడు లేకపోయినా అది మాత్రం కనిపించింది. "మాతో వొచ్చినాది," అంది, నాకొక్కడికే చెబుతున్నట్టు. ఆ తరవాతే మిగతావాళ్ళు పలికారు.

అప్పుడు వెనక్కి వెళ్ళాను. "నాలుగో లైను. చివరి తలుపు. మా బావ." ఆ వెనకే పేరు పిలిచాను. ఆ పేరు అంత గట్టిగా అనడం అదే మొదటిసారి. తోటంతా ఒక్కసారిగా పలికింది. అంతకుముందు ఎవరికీ అంత గట్టిగా పలకలేదు. అందరి గొంతుల మీదా నా భార్య గొంతు వినబడింది, మా పాపకు పలికినదానికంటే పెద్దగా. నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఇత్తడి గ్లాసులో నాకు కాఫీ ఇచ్చింది. అయినా పోలేదు.

అందుకే ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరు పడితే వాళ్ళు చదివేస్తారు. ఏడాదికి ఒకసారి, ఆ పడాంగులో, నోరారా దాన్ని పిలిచే పని నాది. ఇంకొకరికి ఇవ్వను.